ఆంద్రెస్ సెగోవియా

ఆంద్రెస్ సెగోవియా (ఫిబ్రవరి 21, 1893 - జూన్ 2, 1987) స్పెయిన్ దేశానికి చెందిన సుప్రసిద్ధ గిటారు విద్వాంసుడు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో గిటారుకు కచేరీ వాద్యంగా ప్రపంచవ్యాప్త గౌరవం తెచ్చినవారిలో ఇతని పేరు ముందుగా చెప్పబడుతుంది. ఇతనికి పూర్వం ఫెర్నాండో సోర్, మౌరో జూలియాని, ఫ్రాన్సిస్కో తార్రెగా వంటి మహా విద్వాంసులు లేకపోలేదు. అయితే వారి కీర్తి ఎక్కువగా గిటారు అభిమానుల వలయానికే పరిమితమైనది. పియానో, వయొలిన్ కచేరీలు జరిగే పెద్ద సభామందిరాలలోకి, ఆ వాద్యాల శ్రోతల వద్దకు గిటారును తీసుకొని వెళ్ళినవాడు సెగోవియా.

గిటారు నేర్చుకొనే విద్యార్థులకు ఇతని పేరు మరొక కారణం చేత కూడా పరిచితం. మేజర్, మైనర్ స్వరశ్రేణులకు (వీటినే స్కేల్స్ అంటారు) ఇతడు నిర్ణయించిన వేళ్ళ క్రమం 1953లో ముద్రితమై, నేటికీ అనేక దేశాలలో పాఠంగా ఉన్నది. గురువు వద్ద క్రమపద్ధతిలో శిక్షణ పొందని వ్యక్తి ప్రపంచానికి సాధన క్రమాన్ని నేర్పడం ఇతని జీవితంలోని విశేషం.

బాల్యం

సెగోవియా స్పెయిన్ దక్షిణ భాగమైన ఆండలూసియాలో, లినారెస్ అనే గనుల పట్టణంలో జన్మించాడు. తల్లిదండ్రులు పేదరికం వల్ల ఇతనిని పసితనంలోనే విల్లాకరిల్లో అనే ఊరిలో ఉన్న ఎడ్వార్డో, మరియా దంపతులకు అప్పగించారు. వీరు ఇతనికి మామ, అత్త వరుస. తల్లిని విడిచి ఉండలేక ఏడుస్తున్న పిల్లవానిని ఊరడించడానికి మామ అతని ఎదుట కూర్చొని, చేతిలో గిటారు ఉన్నట్లు అభినయిస్తూ, లేని తీగలను మీటుతూ పాట పాడేవాడట. తన సంగీత జీవితానికి తొలి విత్తనం అదేనని సెగోవియా తన ఆత్మకథలో వ్రాసుకొన్నాడు.

పిల్లవానికి సంగీతంపై గల ఆసక్తిని గమనించి మామ ఇతనిని ఒక వయొలిన్ ఉపాధ్యాయుని వద్ద చేర్పించాడు. ఆ ఉపాధ్యాయుడు కఠినుడు. తప్పు చేస్తే గిల్లేవాడు. కొద్ది కాలంలోనే చదువు ఆగిపోయింది. తరువాత ఆ ఊరికి వచ్చిన ఒక సంచార ఫ్లమెంకో గిటారు వాద్యకారుడు తనకు తెలిసినదంతా సుమారు నెలన్నరలో నేర్పి తన దారిన వెళ్ళిపోయాడు. ఇతరుల నుండి సెగోవియా ప్రత్యక్షంగా పొందిన గిటారు శిక్షణ దాదాపు అంతే.

గురువు లేని విద్య

కుటుంబం గ్రనాడా నగరానికి తరలిన తరువాత సెగోవియాకు శాస్త్రీయ గిటారు సంగీతంతో పరిచయం కలిగింది. ఒక చిత్రకారుని ఇంట విన్న గిటారు నాదం ఇతనిని కట్టిపడవేసింది. బెనితో ఫెర్రర్ అనే స్థానిక శిల్పి కార్ఖానా నుండి తన తొలి గిటారును సంపాదించుకొన్నాడు. ఇంట్లోవారికి ఇది రుచించలేదు. ఆ కాలపు స్పెయిన్‌లో మర్యాదస్తుల దృష్టిలో గిటారు సారాయి అంగళ్ళ వాద్యం. అందుచేత ఇతని సాధన చాలావరకు చాటుగానే సాగింది.

తార్రెగా కృతుల స్వరలిపులు, పాత పుస్తకాలు ఇతనికి ఆధారమయ్యాయి. బార్సిలోనాలో నివసిస్తున్న తార్రెగాను చూడాలని ఇతడు ఆశించాడు గాని ఆ మహా విద్వాంసుడు 1909 డిసెంబరులో మరణించడంతో ఆ కోరిక తీరలేదు. గిటారుకు తగిన సాధన గ్రంథాలు అందుబాటులో లేనందున, పియానో, వయొలిన్ విద్యార్థులు వేళ్ళకు బలం, స్వతంత్రత రావడానికి చేసే అభ్యాసాలను గమనించి వాటిని గిటారుకు అన్వయించుకొన్నాడు. పియానో నేర్చేవారు ప్రతిదినం స్వరశ్రేణులతోనే సాధన ఆరంభించడం ఇతనిని ఆకర్షించింది. అయితే ఆ పద్ధతిని గిటారుకు తేవడం తేలిక కాదు. దానికి కారణం ఆ వాద్య నిర్మాణంలోనే ఉన్నది.

పియానోలో ఒక స్వరానికి ఒకే మెట్టు ఉంటుంది. గిటారులో ఒకే స్వరం అనేక చోట్ల పలుకుతుంది. ఉదాహరణకు ఒకటవ తీగను ఖాళీగా మీటితే పలికే 'మి' స్వరమే రెండవ తీగ 5వ మెట్టుపై, మూడవ తీగ 9వ మెట్టుపై, నాలుగవ తీగ 14వ మెట్టుపై కూడా పలుకుతుంది. స్థాయి ఒకటే అయినా నాదం వేరు. సన్నని తీగపై ఖణీమని మ్రోగే స్వరం లావు తీగపై, పై మెట్లలో మెత్తగా, బరువుగా వినవస్తుంది. వీణ తెలిసిన తెలుగువారికి ఈ విషయం కొత్త కాదు. కావున గిటారుపై ఒక స్వరశ్రేణిని వాయించాలంటే ఏ స్వరాన్ని ఏ తీగపై, ఏ వేలితో పట్టాలో ముందుగా నిర్ణయించుకోవాలి. బాల సెగోవియాకు ఈ నిర్ణయాలను చేసి ఇచ్చేవారు లేరు. తప్పో ఒప్పో తానే ప్రయత్నించి, చెవిని అడిగి తేల్చుకోవలసి వచ్చింది. ఇతని తొలి బహిరంగ కచేరీ 1909లో, 16వ ఏట, గ్రనాడాలో జరిగింది.

రామిరెజ్ గిటారు

సెవిల్, కార్డోబా నగరాలలో కొంతకాలం గడిపి సెగోవియా 1912 ప్రాంతంలో రాజధాని మాడ్రిడ్‌కు చేరాడు. అక్కడ కచేరీ ఏర్పాటైంది గాని వేదికకు తగిన గిటారు లేదు. కొనడానికి డబ్బు లేదు. మాన్యుయెల్ రామిరెజ్ అనే ప్రసిద్ధ వాద్య శిల్పి దుకాణానికి వెళ్ళి ఒక మంచి గిటారును అద్దెకు ఇమ్మని అడిగాడు. పియానో విద్వాంసులకు కచేరీ కోసం పియానోలు అద్దెకు ఇస్తున్నప్పుడు గిటారును ఎందుకు ఇవ్వరాదన్నది ఇతని వాదన. రామిరెజ్ నవ్వుకొని ఒక గిటారును చేతికిచ్చి వాయించమన్నాడు. విన్న తరువాత ఆ గిటారును అద్దెకు కాక ఉచితంగానే ఇచ్చివేశాడు. దాని వెలను డబ్బు రూపంలో కాక మరో రూపంలో తీర్చమని కోరాడట.

1912లో తయారైన ఆ గిటారుతో సెగోవియా పాతికేళ్ళ పాటు ప్రపంచమంతా కచేరీలు చేశాడు. 1937 నుండి జర్మనీకి చెందిన హెర్మన్ హౌసర్ చేసిన గిటారును వాడాడు. ఈ రెండు వాద్యాలు 1986లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంకు బహూకరింపబడ్డాయి.

తీగను మీటే విధానంలో సెగోవియా తార్రెగా శిష్యులతో విభేదించాడు. తార్రెగా తన చివరి సంవత్సరాలలో గోళ్ళు తీసివేసి వేలికొనల కండతోనే మీటేవాడు. శిష్యులలో కొందరు దానినే నియమంగా పాటించారు. ఆ నాదం మృదువైనదే గాని పెద్ద మందిరంలో చివరి వరుసకు చేరదు. సెగోవియా కండను, గోటిని కలిపి వాడాడు. వేలు మొదట కండతో తీగను తాకి, గోటి అంచు మీదుగా విడివడుతుంది. దీనివల్ల నాదానికి గుండ్రదనం, దూరం రెండూ వచ్చాయి. మీటిన వేలిని పక్క తీగపై ఆనించే పద్ధతిని స్వరశ్రేణులలోనూ, పాట నడిచే చోట్లలోనూ విస్తారంగా ఉపయోగించాడు.

ప్రపంచ యాత్రలు

1916లో బార్సిలోనాలోని పలావు డి లా మ్యూజికా అనే పెద్ద మందిరంలో కచేరీ చేశాడు. గిటారు నాదం అంత పెద్ద చోట వినబడదన్న భయాన్ని అది పోగొట్టింది. 1919-20లలో దక్షిణ అమెరికా యాత్ర చేశాడు. ఏప్రిల్ 7, 1924న ప్యారిస్‌లో ఇచ్చిన కచేరీకి పాల్ డ్యుకా, మాన్యుయెల్ డి ఫాయా వంటి స్వరకర్తలు హాజరయ్యారు. 1926లో రష్యా, 1928 జనవరిలో న్యూయార్క్, 1929లో జపాన్ దేశాలలో వాయించాడు. 1927 నుండి లండన్‌లో హెచ్.ఎం.వి. సంస్థ ఇతని గానఫలకాలను విడుదల చేసింది.

గిటారు వాయించని స్వరకర్తల చేత గిటారుకు కృతులు వ్రాయించడం సెగోవియా చేసిన గొప్ప పని. స్పెయిన్ నుండి ఫెదెరికో మొరెనో తొర్రోబా, హోక్విన్ తురినా, మెక్సికో నుండి మాన్యుయెల్ పోన్సే, ఇటలీ నుండి కాస్తెల్నువో-తెదెస్కో ఇతని కోసం వ్రాశారు. బ్రెజిల్‌కు చెందిన విల్లా-లోబోస్ 12 అభ్యాస కృతులను ఇతనికి అంకితమిచ్చాడు. వీటిలో 7వది వేగంగా జాలువారే అవరోహణలతో ఆరంభమవుతుంది. స్వరశ్రేణి సాధన లేనివారు దాని జోలికి పోలేరు. జూన్ 1935లో ప్యారిస్‌లో బాఖ్ వయొలిన్‌కు వ్రాసిన షకోన్ అనే దీర్ఘ కృతిని గిటారుపై వాయించాడు. కొందరు పండితులు ఆక్షేపించినా, ఆ కృతి నాటి నుండి గిటారు విద్వాంసులకు ఒక పరీక్షగా నిలిచింది. హోక్విన్ రోద్రిగో ఇతని కోసం 1954లో వ్రాసిన ఫాంతసియా పారా ఉన్ హెంతిల్ఓంబ్రె అనే కృతిని 1958లో శాన్ ఫ్రాన్సిస్కోలో వాద్యబృందంతో కలిసి తొలిసారి వాయించాడు.

1936లో స్పెయిన్ అంతర్యుద్ధం ఆరంభం కాగా సెగోవియా బార్సిలోనాను విడిచాడు. తరువాతి సంవత్సరాలలో ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో నివసించాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో జంతువుల పేగులతో చేసే తీగలకు కొరత ఏర్పడింది. యుద్ధంలో గాయపడినవారికి కుట్లు వేయడానికి ఆ పేగు దారాలే అవసరమయ్యాయి. ఆ సమయంలో న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ అగస్టీన్ అనే శిల్పి నైలాన్ తీగలను రూపొందించగా సెగోవియా వాటిని ప్రోత్సహించాడు. పేగు తీగలు తేమకు శ్రుతి తప్పేవి, చిట్లి పోగులు లేచేవి. గంటల తరబడి సాధన చేసే విద్యార్థికి నైలాన్ తీగలు ఎంత మేలు చేశాయో వేరుగా చెప్పనవసరం లేదు.

స్వరశ్రేణుల పుస్తకం

సెగోవియా కూర్చిన మేజర్, మైనర్ స్వరశ్రేణుల పుస్తకాన్ని 1953లో అమెరికాలోని వాషింగ్టన్ నగరం నుండి కొలంబియా మ్యూజిక్ కంపెనీ ప్రచురించింది. ఇది కొద్ది పుటల చిన్న పుస్తకం. ఇందులో 12 మేజర్, 12 మైనర్, మొత్తం 24 స్వరశ్రేణులు కలవు. ప్రతి మేజర్ శ్రేణి వెంట దాని సంబంధిత మైనర్ శ్రేణి వస్తుంది. కొన్ని రెండు స్థాయిలలోనూ, కొన్ని మూడు స్థాయిలలోనూ నడుస్తాయి.

కర్ణాటక సంగీతం తెలిసిన పాఠకులకు వీటి స్వరూపం సులభంగా బోధపడుతుంది. మేజర్ శ్రేణి స్వరస్థానాలు 29వ మేళకర్త అయిన ధీరశంకరాభరణానివే. ఈ పుస్తకంలోని మైనర్ శ్రేణి ఆరోహణలో ఒక విధంగా, అవరోహణలో మరొక విధంగా ఉంటుంది. ఆరోహణ గౌరీమనోహరి స్వరాలకు, అవరోహణ నటభైరవి స్వరాలకు సరిపోతాయి. పోలిక స్వరస్థానాల వరకే. గమకం, రాగభావం ఇక్కడ లేవు.

ఎడమచేతి వేళ్ళ క్రమాన్ని అర్థం చేసుకోవడానికి ఈ పుస్తకంలోని మొదటి శ్రేణి అయిన సి మేజర్ ఆరోహణను చూడవచ్చు. ఎడమచేతి చూపుడు వేలు 1, మధ్యవేలు 2, ఉంగరపు వేలు 3, చిటికెన వేలు 4 అని లెక్క. అయిదవ తీగ 3వ మెట్టుపై 2వ వేలితో ఆరంభమై, 5వ మెట్టుపై 4వ వేలు పడుతుంది. నాలుగవ తీగపై 2, 3, 5 మెట్లను 1, 2, 4 వేళ్ళతో పట్టాలి. మూడవ తీగపై 2, 4 మెట్లను 1, 3 వేళ్ళతో పట్టిన తరువాత చేయి పైకి జరుగుతుంది. అదే తీగపై 5వ మెట్టును మరల 1వ వేలు, 7వ మెట్టును 3వ వేలు పట్టుకొంటాయి. రెండవ తీగపై 5, 6, 8 మెట్లను, ఒకటవ తీగపై 5, 7, 8 మెట్లను వాయించడంతో రెండు స్థాయిల 15 స్వరాలు పూర్తవుతాయి.

ఖాళీ తీగను ఎక్కడా వాడకపోవడం ఈ శ్రేణిలో గమనించదగిన విషయం. ఖాళీ తీగ నాదానికి, నొక్కిన తీగ నాదానికి తేడా ఉంటుంది. అది వరుసలో వేరుగా వినబడి నడకను భంగపరుస్తుంది. పైగా ఖాళీ తీగ లేని వరుసను అలాగే రెండు మెట్లు పైకి జరిపితే డి మేజర్ అవుతుంది. ఇక శ్రేణి మొత్తంలో చేయి జరిగేది ఒక్కసారే, మూడవ తీగ మధ్యలో. ఆ జరుగుడు చెవికి తెలియకుండా చేయడమే ఈ పాఠంలోని అసలు కష్టం. అక్కడ తొందరపడితే ముందరి స్వరం పొట్టిదవుతుంది. భయపడితే తరువాతి స్వరం ఆలస్యమవుతుంది.

కుడిచేతికి సెగోవియా 7 రకాల వేళ్ళ క్రమాలను సూచించాడు. చూపుడు-మధ్య, మధ్య-చూపుడు, ఉంగరపు-మధ్య, మధ్య-ఉంగరపు, చూపుడు-ఉంగరపు, ఉంగరపు-చూపుడు అనేవి ఆరు. చూపుడు-మధ్య-ఉంగరపు-మధ్య అనే నాలుగు వేళ్ళ వరుస ఏడవది. ఒకే జతను తిరగవేసి రెండుసార్లు చెప్పడం పునరుక్తిగా కనబడవచ్చు. కాని పై సి మేజర్‌నే చూపుడు వేలితో ఆరంభించి, రెండు వేళ్ళను మార్చిమార్చి మీటితే, నాలుగవ తీగకు మారేటప్పుడు చూపుడు వేలు వస్తుంది. లావు తీగపై మధ్యవేలు మీటగానే పక్కనున్న సన్నని తీగపైకి చూపుడు వేలు వెళ్ళడమంటే వేళ్ళు ఒకదానినొకటి దాటడమే. ఇది ఇబ్బంది. మూడవ, రెండవ తీగలకు మారేటప్పుడు మధ్యవేలు సహజంగా వస్తుంది. ఒకటవ తీగ వద్ద మరల అదే ఇబ్బంది. మధ్యవేలితో ఆరంభిస్తే కష్టమైన చోట్లు తేలికై, తేలికైనవి కష్టమవుతాయి. రెండు విధాలా సాధన చేసినవానికి కృతిలో తీగ ఎక్కడ మారినా చేయి తడబడదు.

సాధన చేసిన తీరు

రోజుకు రెండు గంటలు స్వరశ్రేణులను సాధన చేస్తే చేతి అమరికలోని దోషాలు తొలగి, వేళ్ళకు బలం చేకూరి, వేగానికి కీళ్ళు సిద్ధమవుతాయని సెగోవియా అభిప్రాయం. ఇతర అభ్యాసాల కన్నా ఇవి తక్కువ కాలంలో ఎక్కువ సమస్యలను పరిష్కరిస్తాయని ఇతడు విశ్వసించాడు. మొదట నెమ్మదిగా, బలంగా మీటుతూ, ఆ తరువాత తేలికగా, వేగంగా వాయించాలన్నది ఇతని సూచన. మన పిల్లలు సరళి వరుసలను ఒకటి, రెండు, మూడు కాలాలలో పాడడం దీనికి దగ్గరగా ఉంటుంది. ఒక తేడా మాత్రం ఉన్నది. సెగోవియా పద్ధతిలో కాలంతో పాటు మీటే బలం కూడా మారుతుంది.

రెండు గంటలనే మాట విని బెదిరినవారే ఎక్కువ. కాని సెగోవియా దృష్టిలో ఇది కేవలం వేళ్ళ వ్యాయామం కాదు. ఈ సాధన వల్ల లభించే ఫలాలలో నాద సౌందర్యానికి అతడు పెద్ద స్థానమిచ్చాడు. వేగం తరువాతి సంగతి. తీగలను వంతెన వద్ద మీటితే లోహం వంటి పదునైన ధ్వని, నాదరంధ్రం దాటి మెట్ల వైపు మీటితే తేనె వంటి ధ్వని వస్తాయి. ఈ రంగుల తేడాలే ఇతని వాద్యానికి గుర్తు. అందరికీ ఒకటే అయిన 15 స్వరాల వరుసలో కూడా వినవలసినది ఎంతో ఉన్నదని తెలిసినవానికి విసుగు కలగదు. విసుగు కలిగేది చెవి పని మానుకొని వేళ్ళు మాత్రం కదిలినప్పుడే.

24 శ్రేణులను 7 విధాల మీటితే 168 రకాలవుతాయి. వాటిని నెమ్మదిగా, వేగంగా అని విభజిస్తే సంఖ్య రెట్టింపవుతుంది. ఒకే రోజు అన్నింటినీ ముగించడం ఉద్దేశం కాదు. ఈ పుస్తకాన్ని పాఠంగా చెప్పే ఉపాధ్యాయులు సాధారణంగా ఒక మేజర్‌ను, దాని జత మైనర్‌ను తీసుకొని కొన్ని రోజులు వాటితోనే ఉండమంటారు. ప్రతిదినం కుడిచేతి క్రమాన్ని మార్చమంటారు. పాఠం అదే అయినా పని కొత్తదవుతుంది. చేయి జరిగే రెండు స్వరాలను విడిగా తీసి పదిసార్లు వాయించి, తిరిగి వరుసలో కలపడం మరొక ఉపాయం.

సెగోవియా స్వయంగా వృద్ధాప్యంలో కూడా రోజుకు అనేక గంటలు సాధన చేసేవాడు. అయితే ఏకబిగిన కాదు. విడతలుగా విభజించుకొని, మధ్యలో విశ్రాంతి తీసుకొనేవాడు. అలసిన చేయి తప్పునే నేర్చుకొంటుంది కనుక విద్యార్థులు ఇతని గంటల సంఖ్యకన్నా ఈ విభజనను అనుసరించడం క్షేమం. నేర్చిన శ్రేణిని సంగీతంలో వెంటనే గుర్తుపట్టడం కూడా ముఖ్యం. సెగోవియా 1945లో ఫెర్నాండో సోర్ అభ్యాస కృతులలో నుండి 20 ఎన్నుకొని, వేళ్ళ గుర్తులతో ప్రచురించాడు. ఆ కృతులు చిన్నవైనా వినసొంపైనవి. స్వరశ్రేణుల పుస్తకం పక్కన సోర్ పుస్తకాన్ని ఉంచుకొని, ఉదయం కష్టపడిన వరుస సాయంత్రం పాటలో ఎదురుపడితే కలిగే సంతోషం విద్యార్థిని మరునాడు తిరిగి సాధనకు కూర్చోబెడుతుంది.

గురువుగా

1950 నుండి ఇటలీలోని సియెనా నగరంలో కీజియానా అకాడమీ వేసవి తరగతులలోనూ, 1958 నుండి స్పెయిన్‌లోని సాంతియాగో డి కంపోస్తెలాలోనూ సెగోవియా బోధించాడు. వెనెజ్వేలాకు చెందిన అలిరియో డియాస్, ఇటలీకి చెందిన ఆస్కార్ గిలియా, ఆస్ట్రేలియాలో జన్మించిన జాన్ విలియమ్స్, అమెరికాకు చెందిన క్రిస్టఫర్ పార్కెనింగ్ ఇతని వద్ద నేర్చినవారిలో ప్రముఖులు. వీరి ద్వారా ఇతని వేళ్ళ క్రమాలు సంగీత కళాశాలలకు వ్యాపించాయి.

విమర్శలు

సెగోవియా బోధనా పద్ధతి విమర్శకు గురయింది. తాను నిర్ణయించిన వేళ్ళ క్రమాన్ని, తన భావ ప్రకటనను విద్యార్థులు యథాతథంగా అనుసరించాలని ఇతడు కోరేవాడు. మార్చినవారిపై ఆగ్రహించేవాడు. శిష్యుడైన జాన్ విలియమ్స్ కూడా తరువాతి కాలంలో ఈ అనుకరణ విధానాన్ని బహిరంగంగా తప్పుపట్టాడు. ఏ గురువూ లేక, ప్రతి వేలి చోటును తానే వెదుక్కొన్న మనిషి, ఆ వెదకులాట ఫలితాన్ని ఇచ్చాడు గాని వెదికే స్వేచ్ఛను శిష్యులకు ఇవ్వలేకపోయాడు. ఈ విమర్శలో న్యాయం లేదనలేము.

స్వరశ్రేణుల పుస్తకం విషయంలోనూ ఇటువంటి అభ్యంతరం కలదు. ఒక్కో శ్రేణికి ఒకే మార్గాన్ని చూపినందున, దానిని కంఠస్థం చేసినవారు గిటారు మెట్లపై ఇతర మార్గాలను తెలుసుకోకుండా ఆగిపోయే ప్రమాదం ఉన్నది. కృతులలో స్వరాలు ఎప్పుడూ ఆ వరుసలోనే రావు. అందుచేత ఇటీవలి ఉపాధ్యాయులు పలువురు దీనిని ఆరంభంగా మాత్రమే స్వీకరించి, అదే శ్రేణికి విద్యార్థి చేత మరో రెండు మార్గాలు కనుగొనజేస్తారు. సెగోవియా గ్రనాడాలో చేసినది కూడా అదే కదా.

మరికొన్ని ఆక్షేపణలు సంగీత చరిత్రకు సంబంధించినవి. 1930లో ఇతడు 18వ శతాబ్దపు ల్యూట్ విద్వాంసుడు వైస్ రచనగా రికార్డు చేసిన ఒక సూట్ నిజానికి మాన్యుయెల్ పోన్సే రచన. పరాగ్వే దేశపు గొప్ప గిటారు స్వరకర్త అగుస్తిన్ బర్రియోస్ కృతులను ఇతడు తన కచేరీలలో చేర్చలేదు. ఫ్లమెంకో పట్ల, విద్యుత్ గిటారు పట్ల చులకన భావం చూపాడు. అంతర్యుద్ధ కాలంలో ఫ్రాంకో పక్షం పట్ల ఇతనికి గల సానుభూతి కూడా పలువురి విమర్శకు కారణమైనది.

చివరి సంవత్సరాలు

సెగోవియా మూడుసార్లు వివాహం చేసుకొన్నాడు. రెండవ భార్య పకీతా మాద్రిగేరా పియానో విద్వాంసురాలు. 1962లో ఎమీలియా కొర్రాల్‌ను వివాహమాడగా, 1970లో, తన 77వ ఏట, ఇతనికి కుమారుడు జన్మించాడు. గ్రనాడా తీరంలోని లా ఎర్రదూరా వద్ద కట్టుకొన్న ఇంటిలో కచేరీలు లేని రోజులు గడిపేవాడు. 1920 వరకు సాగిన తన జీవితాన్ని ఆత్మకథగా వ్రాయగా అది 1976లో వెలువడింది.

1972లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటును ఇచ్చింది. 1981లో స్పెయిన్ రాజు హువాన్ కార్లోస్ ఇతనికి సాలొబ్రెన్యా మార్క్విస్ అనే బిరుదును ప్రదానం చేశాడు. 1986లో గ్రామీ సంస్థ జీవిత సాఫల్య పురస్కారం లభించింది.

వయసు మీదపడి వేగం తగ్గినా, నాదం మాత్రం గుర్తుపట్టదగినంతగా నిలిచే ఉన్నది. ఇతని చివరి కచేరీ 1987 ఏప్రిల్‌లో అమెరికాలోని మయామీ బీచ్‌లో జరిగింది. అప్పటికి ఇతని వయసు 94 సంవత్సరాలు. రెండు నెలలు తిరగకుండానే, జూన్ 2, 1987న, మాడ్రిడ్‌లో గుండెపోటుతో మరణించాడు. జన్మస్థలమైన లినారెస్‌లో ఇతని పేరిట ఒక మ్యూజియం నెలకొల్పబడింది. ఇతని సమాధి కూడా అక్కడే కలదు.